పిడికెడు బియ్యం: ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నా కన్ఫర్మేషన్

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ మునిగిన రోజు. అమ్మ అక్కడ ఇంట్లో ఒక్కతే ఉంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. పొద్దున ఒకసారి ఫోన్లో దొరికింది. "నీళ్లు గడప దాటాయి నాన్నా, పైనింటివాళ్లు రమ్మంటున్నారు, వెళ్తున్నా" అంది. అంతే, ఆ తర్వాత ఫోన్ మోగలేదు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. హైవే మీద నీళ్లు. వెళ్దామంటే దారి లేదు. ఆ రెండు రాత్రులు ఎలా గడిచాయో నాకే తెలుసు.

మంగళవారం సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "బాబూ, మేం గుడి నుంచి. మీ అమ్మగారు క్షేమంగా ఉన్నారు. ఇప్పుడే చూసి వస్తున్నాం" అన్నారెవరో పెద్దాయన. మా వాడుకలో గుడి అంటే చర్చి. మా అమ్మ అక్కడ ఉందని మీకెలా తెలిసిందండీ అని అడిగాను. "ఆదివారం ఆరాధనలో ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది కదా బాబూ" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. జరిగిన మిగతాదంతా ఆ మాట నుంచే వచ్చింది.

నీళ్లు తీశాక ఇంటికి చేరాను. మోకాలి లోతు బురద. గుడి కుర్రాళ్లు నలుగురు పారలు పట్టుకుని అప్పటికే పని మొదలుపెట్టారు. సాయంత్రం ఒక గుడ్డ సంచీలో పది కిలోల బియ్యం ఇచ్చి వెళ్లారు. ఆ రాత్రి అమ్మ వండితే అన్నం వింతగా ఉంది. కొన్ని మెతుకులు చిమిడిపోయాయి, కొన్ని పలుకుగా ఉన్నాయి. సంచీలో చెయ్యి పెట్టి చూశాను. సన్న బియ్యం, దొడ్డు బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసి ఉన్నాయి. అమ్మ మాత్రం చూడగానే గుర్తుపట్టింది. "ఇది పిడికెడు బియ్యంరా" అంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా పల్లెటూరి క్రైస్తవ సంఘాల్లో ఇది పాత అలవాటు. ఆడవాళ్లు అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వంతు. డబ్బా నిండాక గుడికి తీసుకెళ్లి కానుకగా పోస్తారు. డబ్బులు లేని ఇల్లు కూడా ఇవ్వగలిగిన కానుక అది. ఎన్ని ఇళ్ల పిడికెళ్లు కలిస్తే ఆ సంచీ నిండిందో. ఆ అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

డిసెంబరుకల్లా హైదరాబాద్ ఉద్యోగం మానేసి ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాసే పనిలో చేరాను. ఆదివారం అమ్మను బండి మీద గుడికి తీసుకెళ్లేవాణ్ణి. మొదట్లో చెప్పులు విడిచే చోటే నిలబడేవాణ్ణి. తర్వాత చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. ప్రభురాత్రి భోజనం, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, ఉన్న ఆదివారాల్లో వరసలు వరసలుగా అందరూ లేచి ముందుకు వెళ్తుంటే నేను కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చేవాణ్ణి. అమ్మ ఒక్కతే వెళ్లి, మోకాళ్లు నొప్పి కాబట్టి రైలింగ్ పట్టుకుని నెమ్మదిగా వంగేది. ఆమె పక్కన లేనందుకు నాకు మొట్టమొదటిసారి బాధ కలిగింది.

పసితనంలో బాప్తిస్మం అప్పుడు మన తరఫున చేసిన ప్రమాణాన్ని ఎదిగాక సొంతంగా ఒప్పుకోవడమే కన్ఫర్మేషన్. మా పద్ధతిలో అది అయినవాళ్లే సంస్కారం తీసుకుంటారు. మామూలుగా పదమూడు, పద్నాలుగేళ్లకు అయిపోతుంది. ఆ వయసులో నేను హాస్టల్లో ఉన్నాను. దేవుడితో గొడవేమీ పడలేదు. వెళ్లడం మానేశాను, అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి, కన్ఫర్మేషన్ ఇస్తారా అని అడిగాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "మంచిది బాబూ. బాప్తిస్మం సర్టిఫికెట్ తీసుకురా. ఈస్టరుకు ముందు శ్రమ దినాల్లో క్లాసులు మొదలుపెడతాం, పిల్లలతోపాటు కూర్చో" అన్నారు.

సర్టిఫికెట్ అమ్మ ట్రంకుపెట్టెలో ఉండేది. ఆ పెట్టె వారం రోజులు నీళ్లలో ఉంది. కాగితాలన్నీ ముద్దై అంటుకుపోయాయి. అయితే మళ్లీ బాప్తిస్మం తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాను. అయ్యగారు ఒప్పుకోలేదు. "ఒకసారి ఇచ్చింది మళ్లీ ఇవ్వం. మీ ఊళ్లో రిజిస్టరు ఉంటుంది, వెళ్లి చూడు" అన్నారు.

షాపులో నాతో పనిచేసే ఒక బ్రదర్ వేరే సంఘానికి వెళ్తాడు. చాలా మంచివాడు. ఆయనకు ఈ సంగతి చెబితే, "పసిపిల్లప్పుడు నీళ్లు చిలకరిస్తే అది బాప్తిస్మం ఎలా అవుతుంది బ్రదర్? నీకేం తెలుసని అప్పుడు? కృష్ణలో ముంచి ఇప్పిస్తాను రండి" అన్నాడు. విజయవాడలో మాలాంటి ఏ సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబమైనా ఈ మాట వినే ఉంటుంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా, నాకేం తెలుసు అప్పుడు అనే అనిపించింది.

సెలవు పెట్టి నెహ్రూ బస్టాండ్‌లో గుడివాడ బస్సెక్కాను. మా ఊరు గుడివాడకు ఇంకా అవతల. గుడికి కొత్తగా రంగు వేశారు కానీ లోపల చెక్క బీరువా పాతదే. తాళం ఉన్న సంఘ పెద్ద పొలం నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన నాలుగు రిజిస్టర్లు తీసి బల్ల మీద పెట్టారు. అట్టలు ఊడిపోయి దారాలతో కట్టి ఉన్నాయి. 1986 పేజీలు దొరకడానికి గంట పట్టింది.

దొరికింది. వరస నంబరు, బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ, బిడ్డ పేరు. తండ్రి పేరు, తల్లి పేరు. వృత్తి అనే గడిలో "కూలి" అని ఒక్క మాట. మా నాన్న చనిపోయి పదకొండేళ్లు. ఆయన గురించి ఎవరో సిరాతో రాసిన మాట నేను చూడటం అదే మొదటిసారి. ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఆ పక్కన జ్ఞాన తల్లి, జ్ఞాన తండ్రి పేర్లు ఉన్నాయి. జ్ఞాన తండ్రి అప్పట్లో ఊళ్లో వాక్యం బోధించే ఉపదేశి గారు. జ్ఞాన తల్లి పేరు నాకు వెంటనే తట్టలేదు. సంఘ పెద్ద చెప్పారు, "చివరింటి మామ్మ. నీకు తెలుసు". తెలుసు. పిల్లాజెల్లా లేని మనిషి. బడి నుంచి వస్తుంటే ఆపి కొంగులోంచి రేగుపళ్లు తీసి పెట్టేది. వద్దంటే ఊరుకునేది కాదు. ఊళ్లో ఇంతమంది పిల్లలుంటే నన్నే ఎందుకు ఆపుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆమె పేరు పక్కన వేలిముద్ర ఉంది. సిరా పాలిపోయి లేత ఊదా రంగులోకి వచ్చింది, గీతలు మాత్రం ఇంకా కనబడుతున్నాయి.

బిడ్డ తరఫున ప్రమాణం చేసేది జ్ఞాన తల్లిదండ్రులే. ఈ బిడ్డను విశ్వాసంలో పెంచడానికి తోడుంటామని సంఘం ముందు మాటిస్తారు. చదువురాని ఆ మామ్మ నా తరఫున మాటిచ్చి వేలిముద్ర వేసింది. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటింది. షాపులో బ్రదర్ అడిగినదానికి జవాబు నాకు ఆ బల్ల దగ్గర దొరికింది. నాకేమీ తెలియనప్పుడు తెలిసినవాళ్లు నా కోసం మాటిచ్చారు. అమ్మకు ఫోన్ దొరకని ఆ రెండు రాత్రులు నేను పరలోక ప్రార్థన చెప్పబోయి సగంలో మర్చిపోయాను. అప్పుడు కూడా నా బదులు ఇంకెవరో ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

క్లాసులు ఆదివారం ఆరాధన తర్వాత, సండేస్కూలు గదిలో. పదకొండు మంది పిల్లలు, నేను. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన చూడకుండా చెప్పాలి. నాకు విశ్వాస ప్రమాణం దగ్గర ఒకే చోట తడబాటు వచ్చేది. పక్కన కూర్చునే ఎనిమిదో తరగతి కుర్రాడు "అంకుల్, ఆ రెండు లైన్లూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చెప్పండి, మర్చిపోరు" అని నేర్పాడు. ఇప్పటికీ అలాగే చెబుతాను.

ఒక పిల్ల అడిగింది, "అయ్యగారూ, మా తాతయ్య మనం ఆంగ్లికన్లం, అంటే ఇంగ్లాండు సంఘంవాళ్లం అంటాడు. బోర్డు మీద సి.ఎస్.ఐ. అని ఉంది. ఏది నిజం?" అయ్యగారు ఆ రోజు పాఠం పక్కనపెట్టి గంటసేపు చెప్పారు. 1841లో నోబుల్, ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లాండు నుంచి మచిలీపట్నం రావడం, బెజవాడలో డార్లింగ్ దొర పనిచేయడం, 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య గారు ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం పొందడం, ఆ తర్వాత పల్లెలకు పల్లెలే క్రైస్తవంలోకి కదలడం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య గారు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తిరునల్వేలి వైపు మనిషి, తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో ఉండిపోయారు. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఆయన్ని చూసిందట. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపించేవారని చెబుతూ, తన తల మీద చెయ్యి పెట్టుకుని చూపించేది.

దక్షిణ భారతదేశంలో వేర్వేరు సంఘాలు ఒకటి కావాలన్న మాటలు 1919లో తరంగంబాడిలో మొదలయ్యాయి. వాటిలో అజరయ్య గారిది ముఖ్యమైన పాత్ర. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు కలిసి సి.ఎస్.ఐ. అయ్యారు. "కాబట్టి మీ తాతయ్యదీ నిజమే, బోర్డుదీ నిజమే. మనం ఇప్పటికీ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో ఉన్నాం" అన్నారు అయ్యగారు. నేను మాత్రం అజరయ్య గారి దగ్గరే ఆగిపోయాను. ఇరవై అయిదేళ్లు పాటుపడి, ఇంకా మూడేళ్లు కూడా లేని దూరంలో ఉండగా వెళ్లిపోయారు. చివరింటి మామ్మ గుర్తొచ్చింది.

బిషప్ గారు వచ్చే ముందు శనివారం మాకు మౌన దినం పెట్టారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గుళ్లోనే. ఫోన్లు ఒక బుట్టలో వేయించుకున్నారు. పిల్లలకు మధ్యలో గంటకోసారి పది నిమిషాలు బయట తిరగనిచ్చారు. అయ్యగారు చెప్పింది ఒక్కటే: "మీ కోసం ప్రార్థన చేసిన మనిషిని ఒకరిని తలుచుకోండి. వాళ్ల పక్కన కూర్చున్నట్టు కూర్చోండి. ఇంకేమీ చేయొద్దు."

మొదటి గంట చాలా కష్టమైంది. ఫ్యాను తిరిగే చప్పుడు, ఏలూరు రోడ్డు మీద హారన్లు, స్టేషన్ వైపు నుంచి రైలు కూత. షాపులో పెండింగ్ బిల్లులు కూడా గుర్తొచ్చాయి. చెయ్యి రెండుసార్లు ఫోన్ కోసం జేబులోకి వెళ్లింది. పదకొండు దాటాక ఆ చప్పుళ్లు అలాగే ఉన్నా నాకు అడ్డం రావడం మానేశాయి. మామ్మ వచ్చి కూర్చుంది అనను. ఆమె కొంగు, రేగుపళ్ల పుల్లటి వాసన, గరుకు వేళ్లు గుర్తొచ్చాయి. ఆ బొటనవేలే రిజిస్టరులో ఉన్నది. మధ్యాహ్నం ఏ సమయంలోనో ఏడుపు వచ్చింది. అమ్మ నీళ్లలో ఉంటే నేను లేను అనే బరువు అన్ని నెలలుగా ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. చెప్పాను. పక్క బెంచీలోని ఎనిమిదో తరగతి కుర్రాడు చూశాడు. ఏమీ అనకుండా తన మంచినీళ్ల సీసా బెంచీ మీద నా వైపు జరిపాడు.

మర్నాడు గుడి నిండిపోయింది. ఆడపిల్లలు తెల్ల ముసుగులు వేసుకున్నారు. అమ్మ ముందు రోజే ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా నేను వేసుకున్నాను. బాప్తిస్మంలో మీ తరఫున ఇతరులు చేసిన ప్రమాణాన్ని ఇప్పుడు మీరు సొంతంగా ఒప్పుకుంటున్నారా అన్న అర్థంలో బిషప్ గారు అడిగారు. పిల్లల గొంతులతో పాటు నా గొంతు కలిసింది. వరసలో నేను చివరివాణ్ణి. మోకాళ్లూనాను. రెండు అరచేతులు తల మీద ఆనాయి. అనుకున్నదానికన్నా బరువుగా, వెచ్చగా ఉన్నాయి. చిన్న ప్రార్థన, అర నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత ప్రభురాత్రి భోజనం. కొత్తవాళ్లు మొదట, వాళ్లవాళ్లు పక్కన. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని వంగింది, రైలింగ్ పట్టుకోలేదు. రొట్టె తీసుకున్నాం, గిన్నె తీసుకున్నాం. లేచేటప్పుడు కూడా నా మోచెయ్యే పట్టుకుంది.

సోమవారం పొద్దున పనికి వెళ్లే హడావుడిలో ఉంటే వంటగదిలోంచి పిలిచింది. ఎసరు మరుగుతోంది. గట్టు మీద బియ్యం డబ్బా, దాని పక్కన కొత్త స్టీలు డబ్బా. పాతది వరదలో తుప్పు పట్టి పోయింది. అమ్మ తన పిడికెడు వేసి పక్కకు జరిగింది. "నీ పిడికెడు నువ్వు వెయ్యి" అంది. వేశాను. నాలుగు గింజలు గట్టు మీద పడితే ఏరి, డబ్బాలో వేసి మూత పెట్టింది.