మానికతో మొదలైన ‘మాలపల్లి’

ఒక మాల కుటుంబం కథ చెప్పే ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నవలను ఎనిమిదో తరగతి పిల్లలకు పరిచయం చేయడం నాకిది మూడో ఏడు. మొదటి ఏడు నేను చేసిన పొరపాటు ఇప్పటికీ బాధిస్తుంది కాబట్టి ముందు దాన్నే చెబుతాను. ఆ రోజు తరగతిలోకి వెళ్లగానే నవల పేరును బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇటు తిరిగి చూసేసరికి నాలుగైదు తలలు కిటికీ పక్క బెంచీలో కూర్చున్న ఒక అబ్బాయి వైపు తిరిగి ఉన్నాయి. ఆ అబ్బాయి పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు తప్ప తల ఎత్తలేదు. ఆ తర్వాత నేనెంత జాగ్రత్తగా మాట్లాడినా, నేను చెబుతున్నది పుస్తకం గురించి కాదు, ఆ పిల్లవాడి గురించి అన్నట్టుగానే తరగతి అంతా విన్నది.

రెండు సంపుటాల నవల, డిగ్రీ విద్యార్థులే చదవలేరు, పదమూడేళ్ల పిల్లలకు ఎందుకని తోటి ఉపాధ్యాయులు అడిగారు. మా పిల్లలు పుట్టి పెరిగిన గుంటూరు సీమ మాట, పొలం, పని ఇంత నిండుగా ఉన్న నవల మరొకటి నాకు తెలియదు. ఉన్నవవారు ఈ ప్రాంతంలోని వేములూరుపాడులో 1877లో పుట్టారు. అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టించుకునే పుల్లరికి వ్యతిరేకంగా పల్నాటిలో జరిగిన ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లి, రాయవేలూరు జైలులో ఈ నవల రాశారు. పుల్లరి అనగానే మా పిల్లలు కన్నెగంటి హనుమంతు పేరు చెప్పేస్తారు. ఆ పోరాటంలోనే జైలుకు వెళ్లిన మనిషి అక్కడ కూర్చొని రాసిన కథ ఇదని చెబితే చాలు, పుస్తకం వాళ్లకు దగ్గరవుతుంది.

రెండో ఏడు ముందుగా బోర్డు జోలికి పోలేదు. మా ఇంటి అటక మీద ఉన్న, గింజలు కొలిచే పాత ఇత్తడి మానికను, ఒక సంచిలో వడ్లను తరగతికి తీసుకువెళ్లాను. నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని చెప్పి, పిల్లల చేతనే కొలిపించాను. ఒక అమ్మాయి మానిక నిండా పోసి, పైన రాశి నిలిచేలా వదిలింది. వెంటనే ఒక అబ్బాయి అరచేతిని అంచు మీదుగా ఒక్కసారి నడిపి, తల కొట్టి, పైనున్న గింజలను మళ్లీ సంచిలోకి తోసేశాడు. కొలత ఒకటే, పాత్ర ఒకటే, గింజల్లో తేడా వచ్చింది. తోసేసిన గింజలను దోసిట్లో పట్టి చూపించాను. ఎవరూ ఏమీ అనలేదు గాని, అందరూ ఆ దోసిలినే చూశారు.

తర్వాత లెక్క వేయించాను. ఈ అంకెలు నవలలోవి కావు, తరగతి కోసం నేను అనుకున్నవి. రోజు కూలి రెండు మానికలు, మానిక ధర ఒక అణా అనుకుంటే, గింజలుగా తీసుకున్నా డబ్బుగా తీసుకున్నా కూలి విలువ రెండణాలే. యుద్ధం వచ్చి మానిక ధర రెండణాలకు పెరిగింది. అప్పుడు ఆసామి “ఇక గింజలు ఇవ్వను, రెండణాలు తీసుకో” అంటే ఆ డబ్బుకు ఎన్ని మానికలు వస్తాయి? “ఒకటే మేడం” అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ధరల పెరుగుదల పల్లెలోని కూలివాడి కంచం దాకా ఎలా వచ్చిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు. నవలలోని మంగళాపురంలో కూలీలకూ ఆసాములకూ మధ్య వచ్చిన తగవు ఈ గింజల దగ్గరే ముదురుతుంది. ఆసామి చౌదరయ్య ఇంట్లో పాలేరుగా ఉన్న సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు.

“పని మానేస్తే ఆ రోజు వాళ్లేం తింటారు మేడం?” అని మొదట అడిగింది మిరప కోతలకు వెళ్లే తల్లి బిడ్డ. రెండో ప్రశ్న రెండెకరాల రైతు కొడుకుది: “ధర పెరిగినప్పుడు కూడా రైతుకు మిగలకూడదా?” ఆ ప్రశ్నను నేను తోసిపుచ్చలేదు. కౌలు, ఎరువులు, అప్పు లెక్కలు ఆ పిల్లవాడి ఇంట్లో రోజూ వినిపించేవే. అందరికీ మిగలాలంటే ఎవరి వాటా ఎంత, ఆ వాటాను నిర్ణయించే చోట కూలివాడు ఉన్నాడా లేడా అన్నదే నవల అడుగుతున్న ప్రశ్న అని చెప్పి, చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసుకు ప్రాణస్నేహితుడన్న సంగతిని అప్పుడు బయటపెట్టాను. ఆసామి ఇంట పుట్టిన కుర్రవాడు తండ్రి మాటను కాదని న్యాయం వైపు నిలబడగలడని తెలిసేసరికి, ఆ పిల్లవాడికి కథలో తానూ ఉండదగ్గ చోటు ఒకటి కనిపించింది. వర్గ సంఘర్షణ అన్న మాటను ఆ రోజు చివరి అయిదు నిమిషాల్లోనే రాశాను.

నవల పేరు మూడో రోజు చెప్పాను. దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు, దాచితే అది తలవంచుకోవలసిన మాట అని మనమే నేర్పినట్టవుతుంది. అప్పటికి సంగదాసు తండ్రి రామదాసు వాళ్లకు తెలిసిన మనిషి. భక్తి, తత్త్వచింతన, నిబ్బరం ఉన్న మనిషి, ఊళ్లో పెద్దలుగా చెలామణీ అయ్యేవాళ్లకంటే ఎంతో లోతైనవాడు. ఈ నవలను జాలి పాఠంగా చెప్పేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. “పాపం” అన్న మాట తరగతిలో ఎవరి నోట వచ్చినా ఆపి, రామదాసు ఎక్కడ జాలి అడిగాడో పుస్తకంలో చూపించమంటాను. కూలి తక్కువ కొలవడమూ మనిషిని వెలివాడలో ఉంచడమూ ఒకే చేత్తో జరిగిన పనులని పిల్లలు తమంతట తామే కలిపి చూశారు.

1922లో వచ్చిన ఈ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందన్న ముక్క చెబితే వాళ్ల కళ్లు మెరుస్తాయి, ఆ తర్వాత చదవమని ఎవరినీ బతిమాలనక్కరలేదు. మొత్తం చదివించను. ఎంచుకున్న పుటలను నేనే పైకి చదువుతాను, రామానాయుడి భార్య కమల కథను పెద్ద తరగతులకు వదిలేస్తాను. సంగదాసు అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్లను దోచి పేదలకు పంచే భాగం దగ్గర వాదన ఆగదు కాబట్టి దానికి విడిగా రెండు పీరియడ్లు ఉంచుతాను.

చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోయే ఘట్టం ఈ ఏడు గడిచిన శుక్రవారం చదివాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. సోమవారం ఒక అమ్మాయి వాళ్ల నానమ్మ చెప్పిన సంగతి మోసుకొచ్చింది: కళ్లంలో కూలి కొలిచేటప్పుడు ఆవిడ కొంగు పట్టుకొని నిలబడి, మానిక మీద ఆసామి అరచెయ్యి ఎటు కదులుతుందోనని దాన్నే చూస్తూ ఉండేదట. ఆ నానమ్మను వచ్చే వారం తరగతికి తీసుకురమ్మన్నాను. మానిక ఇంకా బల్ల మీదే ఉంది.