చలికాలం దిగులుకు మాగ్నెట్ మ్యాటా?

అమెరికాల మినియాపొలిస్‌ల ఉండే మా తమ్ముడు వాట్సాప్‌ల ఒక మాగ్నెట్ మ్యాట్ ఫోటో పంపిండు, దీని మీద పండుకుంటే చలికాలం డిప్రెషన్ పోతదట అక్కా, కొనాల్నా అని. ఆడ డిసెంబర్‌ల సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడ్తది, పొద్దంతా ఆఫీసుల ఉంటడు, పాపం ఎండ మొహమే చూడడు. మన హన్మకొండల ఎంత చలి పెట్టినా పగలు పదకొండు గంటలుంటది, వేయిస్తంభాల గుడి కాడ తొమ్మిదింటికి కూసుంటే చాలు వీపు చుర్రుమంటది.

అయస్కాంతంతోటి డిప్రెషన్‌కు ట్రీట్‌మెంట్ ఉన్న మాటైతే నిజమే, టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) అంటరు, అమెరికాల మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2008ల ఒప్పుకున్నది. కానీ అది ఆస్పత్రిల తలకు కాయిల్ (కరెంటు తీగ చుట్ట) ఆనించి చేసేది, దాని ఫీల్డు ఎంఆర్ఐ మెషిన్ల ఉన్నంత గట్టిగుంటది, అది గూడ మందులు పనిచెయ్యనోళ్లకు. ఈ మ్యాట్లల్ల వచ్చేది దాని ముంగట ఏ మూలకు? పేరు కలిసింది కదా అని అమ్ముడే.

ఎండ తక్కువైతనే ఈ దిగులు గాబట్టి, నేనైతే లైట్ బాక్స్ (బాగ వెలుగిచ్చే దీపం పెట్టె) కొనుక్కోమన్న, 10,000 లక్స్‌ది (లక్స్ అంటే వెలుగు కొలత), పొద్దుగాల లేవంగనే అరగంట, టిఫిన్ తినుకుంట పక్కన పెట్టుకున్నా నడుస్తది, సూటిగ దాన్నే చూసుడు వద్దు. బైపోలార్ (మనసు ఒకసారి మస్తు హుషారు, ఒకసారి దిగులైతుండే జబ్బు) గానీ కండ్ల జబ్బు గానీ ఉన్నోళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండ పెట్టుకోవద్దు.