పాత వుడీ, కొత్త రెడ్‌హ్యాట్, మధ్యలో రూట్ సార్

"కాలేజీ రోజుల మీద రెండు పేజీలు రాయి, టెక్నికల్ గొడవ మాత్రం వద్దు" అని మన బ్యాచ్ మీటింగ్ సంచిక కమిటీ తరఫున ఫోన్. చేసింది సెమికోలన్ (మా బ్యాచ్‌లో ముద్దుపేర్లు ఇలాగే ఉంటాయి) కాబట్టి కాదనలేకపోయాను. ఆ షరతు మాత్రం నా వల్ల కాదు. మనలో ముగ్గురు కలిస్తే మాట ఎటు తిరుగుతుందో తనకు తెలియనిదా!

మొదటి రెండేళ్ల సంగతి గ్రెప్‌గాడు రాస్తానన్నాడు, వాడికే వదిలేశాను. నేను నేరుగా 2003కి, రూట్ సార్ కంప్యూటర్ ల్యాబ్‌కి వస్తున్నాను.

అప్పుడు ల్యాబ్ అంతా రెండు పార్టీలు, రెండు రకాల లినక్స్ (కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్). కిటికీ వైపు రెడ్‌హ్యాట్ 9 వాళ్లు. కొత్తగా వచ్చింది, తెర మీద నీలం రంగు నిగనిగలు, ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ జీసీసీ 3.2, వాళ్లను పట్టలేకపోయేవాళ్లం. గోడ వైపు మేం, డెబియన్ వుడీ వాళ్లం. 2002 జూలైలో విడుదలైనా అందులో సరుకు అంతకంటే పాతది. మా జీసీసీ 2.95. మాకు "మ్యూజియం బ్యాచ్" అని పేరు పెట్టిందెవరో ఇక్కడ రాయను, ఈ సంచికకు ముందుమాట ఆయనదే. మా గొప్ప ఒక్కటే: ప్రోగ్రాంలు ఎక్కించే ఆప్ట్-గెట్ కమాండ్ కొడితే కావలసినవన్నీ తనే లాక్కొచ్చుకునేది. వాళ్లు ఒక ఆర్పీఎం (రెడ్‌హ్యాట్ ప్యాకేజీ) ఎక్కించబోతే అది ఇంకో రెండు అడిగేది, ఆ రెండూ మరో నాలుగు. సాయంత్రానికి మొదట ఏం ఎక్కించాలనుకున్నారో వాళ్లకే గుర్తుండేది కాదు.

ఏది గొప్పదో తేల్చమని సార్ దగ్గరికి పోయాం. ఆయన తేల్చలేదు. "పదాలు లెక్కపెట్టే ప్రోగ్రాం సీ భాషలో రాయండి. ఇక్కడే కంపైల్ చేయండి. సోర్సు వద్దు, కంపైల్ అయి వచ్చిన బైనరీ ఫ్లాపీలో వేసి అవతలి బెంచీకివ్వండి" అన్నారు.

మా ఫ్లాపీ కిటికీ వైపు వెళ్లింది, ఏ గొడవా లేకుండా నడిచింది. వాళ్ల ఫ్లాపీ మా దగ్గరికొచ్చింది. రన్ చేస్తే ఒకే లైను: వెర్షన్ జీలిబ్‌సీ 2.3 నాట్ ఫౌండ్. జీలిబ్‌సీ అంటే సీ ప్రోగ్రాంలు ఆసరా తీసుకునే లైబ్రరీ. గోడ వైపు నుంచి ఎంత అరుపు లేచిందంటే పక్క ల్యాబ్ అటెండర్ కూడా వచ్చేశాడు.

సార్ స్టూలు లాక్కుని మా మెషీన్ ముందు కూర్చున్నారు. ఆ బైనరీ మీద, లోపలేముందో చూపే ఆబ్జ్‌డంప్ కొట్టి, లైన్లన్నీ వేలితో తోసుకుంటూ వచ్చి ఒక చోట ఆగారు. అక్షరమా కాదా అని చూసే ఈజ్ఆల్ఫా ఫంక్షన్, అంతే. దాన్ని రెడ్‌హ్యాట్ 9లో ఉన్న జీలిబ్‌సీ 2.3 తన కొత్త పద్ధతిలో రాసుకుంది. వుడీలో ఉన్నది 2.2.5, దానికి ఆ పద్ధతే తెలియదు. పాత లైబ్రరీ మీద కట్టిన ప్రోగ్రాంని కొత్తది మోస్తుంది, కొత్తదాని మీద కట్టిందాన్ని పాతది మోయదు. "వాళ్ల ప్రోగ్రాం తప్పు లేదురా, నీ లినక్స్ తప్పూ లేదు. ఎక్కడ నడవాలో అడక్కుండా కట్టారు, అదీ సంగతి" అన్నారు.

మా సంబరం వారం కూడా లేదు. ల్యాబ్‌కి కొత్త మెషీన్లు దిగాయి. రెడ్‌హ్యాట్ వాటి మీద గ్రాఫిక్స్‌తో సహా లేచి కూర్చుంది. మా వుడీలో తెర మీద బొమ్మలు చూపే ఎక్స్‌ఫ్రీ86 పాత 4.1 కదా, ఆ గ్రాఫిక్స్ కార్డు మొహం ఎప్పుడూ చూడలేదు. దాన్ని లేపే స్టార్ట్‌ఎక్స్ కొడితే: నో స్క్రీన్స్ ఫౌండ్. సార్ అటు వాళ్లను, ఇటు మమ్మల్ని చూసి, "వాళ్లకి లైబ్రరీ దొరకలేదు, మీకు స్క్రీన్ దొరకలేదు. లెక్క సరి, కూర్చోండి" అన్నారు. ఆ మాట ఫేర్‌వెల్ దాకా ఎవరెవరు ఎలా వాడారో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆయన ఎప్పుడూ ఫలానా లినక్స్ వేసుకోమని అనలేదు. ఎక్కడ నడవాలి, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎన్నాళ్లు సపోర్ట్ ఉంటుంది, ఇవి అడిగేవారు. మూడోదాన్ని మనం పట్టించుకోలేదు. ఆ నవంబరులో రెడ్‌హ్యాట్ లినక్స్ స్థానంలో ఫెడోరా వచ్చింది, 2004 ఏప్రిల్‌తో రెడ్‌హ్యాట్ 9కి సపోర్ట్ ఆగిపోయింది. కిటికీ వైపు వాళ్ల ప్రాజెక్ట్ వైవా టెన్షన్ అప్పుడు చూడాలి!

ఆ తరువాత చాలా ఏళ్లు ఉద్యోగాలు, వాటి గురించి ఇక్కడ రాసేదేం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా టీమ్‌లో ఒక కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 20.04 (ఇంకో లినక్స్) మీద ప్రోగ్రాం కట్టి పంపాడు. సర్వర్లేమో అంతకంటే పాత లినక్స్, సెంట్‌ఓఎస్ 7. అర్ధరాత్రి కాల్: జీలిబ్‌సీ 2.29 నాట్ ఫౌండ్. అందరూ సర్వర్ లాగ్‌లు తవ్వుతున్నారు. నేను ఆబ్జ్‌డంప్ కొట్టించాను. ఘాతాలు లెక్కకట్టే పౌ ఫంక్షన్ దగ్గర దొరికింది. సెంట్‌ఓఎస్ 7లో ఉండేది 2.17. సెంట్‌ఓఎస్ 7 వాతావరణాన్నే ఒక డబ్బాలా ఇచ్చే కంటైనర్‌లో మళ్లీ కట్టించి పడుకున్నాను. ఎలా కనిపెట్టారని మేనేజర్ అడిగితే, మా సార్ చూపించారన్నాను. ఆయన ఏదో కోర్సు అనుకున్నాడు.

ఇప్పుడు చేరే పిల్లలు ఏ లినక్స్ వేసుకోమంటారని నన్నే అడుగుతారు. సర్వర్ ఏదో అదే కుటుంబం తీసుకోండి, ఉబుంటు అయితే రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) చాలు అంటాను. కొత్త కంపైలర్లు కావాలంటే ఫెడోరా, కానీ ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలే ఆయుష్షు. ఆర్చ్ లినక్స్ వాడకపోయినా దాని వికీ చదవండి, అంత బాగా రాసినవాళ్లు తక్కువ. కంటైనర్ చిన్నదవుతుందని ఆల్పైన్ లినక్స్ మీదికి దూకేవాళ్లకి, అందులో జీలిబ్‌సీ ఉండదు, మజిల్ (musl) అనే వేరే లైబ్రరీ ఉంటుందని ముందే చెబుతాను. వింటారా అంటే, మనం విన్నామా?

నేను మాత్రం డెబియన్ వదల్లేదు. మ్యూజియం బ్యాచ్ కదా. ఎవరూ పెద్దగా వాడని చిన్న ప్యాకేజీ ఒకటి అందులో నేను చూసుకుంటున్నాను. దాని మీద ఆప్ట్ షో కొడితే మెయింటెయినర్ అన్న చోట నా పేరు వస్తుంది. మా ఇంట్లోవాళ్లకి చూపిస్తే "జీతం ఎంతిస్తారు?" అన్నారు. సార్‌కి మెయిల్ పెట్టాను. ఒక్క లైను జవాబు: "బగ్ రిపోర్టులు ఎన్ని పెండింగ్?"

రెండు ఉన్నాయి సార్. మీటింగ్ లోపు చూస్తాను.