ఎగ్మోర్‌లో దొరికిన పేరు

మా తాత లెక్కల పుస్తకం ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. విత్తనాల ఖర్చు, కూలీల బాకీలు, ఎద్దుల బేరాలు అన్నీ అందులోనే. చివరి పేజీలో మాత్రం ఆ లెక్కలతో ఏ సంబంధమూ లేని రెండు వరుసలు ఉన్నాయి. "దశబంధం మాన్యం. చిత్తూరు కలెక్టరు కచేరీ. టి.డి. నెంబరు" అని రాసి, పక్కన నాలుగంకెలు వేశాడు. ఎప్పుడో తడి తగిలి చివరి అంకె చెదిరిపోయింది. అది ఒకటో ఏడో పోల్చుకోలేం. దాని కింద ఒక ఊరి పేరు ఉంది. అది మా ఊరు కాదు.

"ధాత కరువులో మనోళ్ళు వదిలేసి వచ్చిన ఊరమ్మా అది" అని మా మేనత్త చెప్పేది. ఎక్కడుందంటే, "చిత్తూరు దగ్గరే ఎక్కడో" అనేది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. దక్షిణాదిని ఊడ్చేసిన కరువు అది. మా వంశవృక్షంలో అన్నిటికన్నా పైనున్న పేరు మా తాతకి తాతది. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు ఆ ఊరు వదిలి వచ్చాడంటారు. ఆయన కన్నవాళ్ళెవరో మాలో ఎవరికీ తెలియదు.

ఆ రెండు వరుసలు పట్టుకుని చెన్నై వెళ్ళాను. మూడు రోజులు ఉన్నాను.

చెన్నై ఎందుకో చెప్పాలి. మనలాంటి మామూలు కుటుంబాలకు పాత జనన మరణాల లెక్కలు దొరకడం కష్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు చట్టం వచ్చిందే 1899లో. అంతకు ముందు మనుషుల పేర్లు సర్కారు కాగితాల్లోకి ఎక్కాయంటే ఎక్కువగా భూమి వల్లే ఎక్కాయి. ఎవరి దగ్గర ఎంత శిస్తు రావాలి, ఎవరి మాన్యానికి, అంటే ఇనాంగా ఇచ్చిన భూమికి, శిస్తు మినహాయింపు ఉంది అన్నదే దొరల గొడవ. ఆ గొడవ తేల్చడానికి 1858లో ఇనాం కమిషన్ పెట్టారు. డిప్యూటీ కలెక్టర్లు తాలూకా తాలూకా తిరిగి, ఊరూరి మాన్యాల మీద విచారణ చేసి రిజిస్టర్లు రాశారు. అవే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. హక్కు నిలబడిన వాళ్ళకి టైటిల్ డీడ్ ఇచ్చారు. మా తాత రాసుకున్న టి.డి. నెంబరు అదే. మద్రాస్ రికార్డ్ ఆఫీసుగా మొదలై ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్‌గా ఉన్నచోట ఆ రిజిస్టర్లు చూడొచ్చని తెలిసి బయలుదేరాను.

చిత్తూరు నుంచి కాట్పాడికి బస్సు, అక్కడి నుంచి రైలు. కాట్పాడి దాటాక తిరువలం దగ్గర పొన్నై నది మీద వంతెన వస్తుంది. మా చిత్తూరు నీవా నది పారితే ఆ నీళ్ళు చేరేది ఈ పొన్నైలోకే. నేను వెళ్ళిన రోజు రెండూ ఎండే ఉన్నాయి. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మోర్. ఆర్కైవ్స్ భవనం ఎగ్మోర్ రైల్వే స్టేషనుకు ఎదురుగానే, గాంధీ ఇర్విన్ రోడ్డు మీద ఉంది. 1909 నాటి ఎర్రటి కట్టడం. 1670ల నాటి ఈస్టిండియా కంపెనీ కాగితాలు కూడా అందులో ఉన్నాయి. బయట ఆటోల హారన్లు, లోపల కాగితం తిప్పితే వినిపించేంత నిశ్శబ్దం.

దరఖాస్తు, గుర్తింపు కార్డు, ఎందుకు వచ్చామో వివరంగా రాసిన లెటరు అన్నీ ముందే సిద్ధం చేసుకుని వెళ్ళాను. మీరూ అలాగే వెళ్ళండి. పెన్నులు సంచిలోనే ఉంచి పెన్సిళ్ళు తీసుకెళ్ళండి. పాత కాగితం మీద సిరా చుక్క పడితే మళ్ళీ పోదు.

నేను అడిగింది చిత్తూరు తాలూకా రిజిస్టర్. తాత "చిత్తూరు కచేరీ" అని రాశాడు కాబట్టి నాకు ఇంకో ఆలోచనే రాలేదు. అట్ట ఊడిపోతున్న పెద్ద పుస్తకం వచ్చింది. తాత రాసిన ఊరి పేరు అందులో ఉంది! గుండె దడదడలాడింది. ఆ ఊరి మాన్యాలన్నీ ఒక్కొక్కటే చదివాను. గుడి మాన్యాలు, మంగలి మాన్యం, బ్రాహ్మణులకిచ్చిన భూములు ఉన్నాయి. దశబంధం ఒక్కటీ లేదు. చివరి అంకె ఒకటి అనుకుని వెతికాను, ఏడు అనుకుని వెతికాను. మా తాతకి తాత పేరుకు దగ్గరగా ఉన్న పేరు కూడా లేదు. సాయంత్రం దాకా అవే పేజీలు మూడుసార్లు తిప్పాను. ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు. తాత రాసిందే తప్పేమో, మేనత్త చెప్పింది వట్టి కథేమో అని ఒకటే టెన్షన్.

మర్నాడు పొద్దున రిజిస్టర్లు తెచ్చిచ్చే ఒక పెద్దాయన నా ముఖం చూసి తమిళంలో అడిగారు, దొరికిందా అని. లేదన్నాను. తాత పుస్తకంలోని పేజీ ఫోటో చూపించి చదివి వినిపించాను. ఆయన ఒకటే ప్రశ్న వేశారు. "అప్పుడు చిత్తూరు ఏ జిల్లా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. చిత్తూరు చిత్తూరు జిల్లానే కదా. ఆయన నెమ్మదిగా చెప్పారు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకు ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఊరికే ఉండటం కాదు, ఆ జిల్లా కలెక్టర్ కూర్చున్నదే చిత్తూరులో. 1911 తర్వాత ఆ కచేరీ వేలూరుకు పోయింది. కాబట్టి 1860ల్లో "చిత్తూరు కలెక్టరు కచేరీ" అంటే మొత్తం ఉత్తర ఆర్కాటుకు కచేరీ. వేలూరు, ఆర్కాటు, గుడియాత్తం వాళ్ళందరికీ అదే. "ఊరు ఇప్పుడెక్కడుందని చూడకమ్మా. ఆ కాగితం రాసిన రోజు ఎక్కడుందో చూడు" అన్నారు.

పుట్టినప్పటి నుంచి చిత్తూరులో ఉన్నదాన్ని. ఈ సంగతి నాకు ఆయన చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో మూడు తరాలు "చిత్తూరు దగ్గరే" అని చెప్పుకున్న మాట అబద్ధం కాదు. ఊరు గుర్తులేకపోయినా కచేరీ గుర్తుండిపోయింది, అంతే. కుటుంబ చరిత్ర వెతికేవాళ్ళకి నేను చెప్పగలిగిన ముఖ్యమైన సంగతి ఇదే. 1911లో ఒకసారి, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఎన్నోసార్లు మన సరిహద్దు గీతలు మారాయి. పాత కాగితం పాత గీతల ప్రకారమే సర్ది ఉంటుంది. వెళ్ళేముందు మీ ఊరి పాత తాలూకా, పాత జిల్లా ఒక కాగితం మీద రాసుకోండి.

ఉత్తర ఆర్కాటు ఊళ్ళ పట్టికల్లో ఆ పేరు కోసం చూశాను. ఆ పేరుతో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి నేను ముందురోజు చూసిన చిత్తూరు తాలూకా ఊరు. ఇంకొకటి గుడియాత్తం తాలూకాలో. గుడియాత్తం ఇప్పుడు తమిళనాడులో, వేలూరు జిల్లాలో ఉంది. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. స్లిప్ రాసిచ్చి కూర్చున్నాను.

ఆ రిజిస్టర్ ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను. తెరిస్తే ఎడమ పేజీ, కుడి పేజీ కలిసి ఒకే పట్టిక. మాన్యం ఏ రకం, మెట్టా మాగాణా తోటా, ఎంత విస్తీర్ణం, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, సనదు (ఇచ్చినట్టు రాసిన పత్రం) ఉందా, మొదట పుచ్చుకున్నదెవరు, పాత లెక్కల్లో ఫలానా ఫసలీలో (శిస్తు లెక్కల సంవత్సరంలో) ఎవరి పేరు ఉంది, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వాళ్ళ వయసెంత, మొదట పుచ్చుకున్నవాళ్ళకి ఏమవుతారు. అన్నీ గడుల్లో, ఇంగ్లీషులో, చేతిరాతతో ఉంటాయి. చివర డిప్యూటీ కలెక్టర్ అభిప్రాయం, తీర్పు, టి.డి. నెంబరు. ఫసలీకి 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860 జూలై నుంచి 1861 జూన్ దాకా. శిస్తు కోసం రాసిన పట్టికే అయినా "ఏమవుతారు" అన్న ఆ ఒక్క గడి వల్ల అది వంశవృక్షం అవుతుంది. ఎవరో గుమాస్తా ఆ గడిని ఖాళీగా వదలకుండా నింపాడు చూడండి, ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

పన్నెండు గంటలు దాటాక ఆ ఊరి పేజీ వచ్చింది. దశబంధం అన్న మాట కనిపించింది. చెరువు కట్టించినవాళ్ళకో, దాన్ని మరమ్మతు చేస్తూ కాపాడేవాళ్ళకో ఆ చెరువు కింద భూమిలో పదో వంతు లెక్కన ఇచ్చే మాన్యమది. మన రాయలసీమలోనూ ఈ ఉత్తర ఆర్కాటులోనూ చాలా చెరువులు నిలబడింది ఈ ఏర్పాటు మీదే. టి.డి. నెంబరు చూశాను. చివరి అంకె ఏడు.

మొదట పుచ్చుకున్నాయన పేరు ఒకటుంది. కంపెనీ ఆర్కాటు నవాబు దగ్గర ఈ సీమను తీసుకున్నది 1801లో. అంతకు ముందే ఇచ్చిన మాన్యమని రాశారు. "ఇప్పుడు అనుభవిస్తున్నవారు" అన్న గడిలో రెండు పేర్లు ఉన్నాయి. రెండోది ఎనిమిదేళ్ళ పిల్లవాడిది. అది మా తాతకి తాత పేరు. ఇంగ్లీషు స్పెల్లింగ్ వంకరగా ఉన్నా ఇంటిపేరుతో సహా అదే. ధాత కరువు నాటికి ఆయనకి ఇరవై మూడో ఇరవై నాలుగో అవుతాయి. పడుచువాడుగా ఉన్నప్పుడు వచ్చాడన్న మాటతో సరిపోయింది.

మొదటి పేరు ఒక ఆడమనిషిది. వయసు నలభై. "మొదట పుచ్చుకున్నవారి మనవడి భార్య, వితంతువు, మైనరు కొడుకు తరఫున అనుభవిస్తున్నది" అని ఉంది. కుడివైపు పేజీ చివర డిప్యూటీ కలెక్టర్ చిన్న వాక్యం రాశాడు. చెరువు మంచి మరమ్మతులో ఉంది అని. చెరువును బాగు చేస్తున్నంతకాలం మాన్యం సాగనివ్వాలని తీర్పు.

నేను పెన్సిల్ కింద పెట్టేశాను. మొగుడు పోయి, ఎనిమిదేళ్ళ పిల్లవాడిని పెట్టుకుని, ఆమె చెరువును బాగు చేయించింది. కట్టకి మట్టి వేయించి ఉంటుంది, తూము సరిచేయించి ఉంటుంది, కూలీలతో మాట్లాడి ఉంటుంది. సర్కారు మనిషి వచ్చి చూసి బాగుందని రాసుకుని వెళ్ళాడు. మా వంశవృక్షంలో ఆమె లేదు. అందులో ఆడవాళ్ళు ఎవరూ లేరు. తద్దినాల్లో మూడు తరాల వరకు పేర్లు చెప్పుకుంటాం, ఆ పైన మగవాళ్ళ పేర్లు మాత్రమే కాగితం మీద మిగులుతాయి.

ఆ పేరు చూడగానే ఒంటి మీద వెంట్రుకలు నిలబడ్డాయి. అది మా మేనత్త పేరు.

మేనత్తకి ఆ పేరు పెట్టింది మా తాత. పాత పేరని బడిలో పిల్లలు ఏడిపించేవాళ్ళట. మార్చమని ఆమె ఏడిస్తే, "అది మన ఇంటి పేరు తల్లీ, మార్చకూడదు" అన్నాడట. ఎవరి పేరని అడిగితే, ఆయన నాయనమ్మ ఆ పేరు ఇంట్లో ఒక ఆడపిల్లకి ఉండాలని చెప్పిందని మాత్రమే చెప్పాడు. ఆ నాయనమ్మ అత్తగారే ఈ రిజిస్టర్లో ఉన్న మనిషి. ఎవరిదో మరిచిపోయినా, ఆ పేరును మా ఇల్లు వదలలేదు.

మధ్యాహ్నమంతా ఆ రెండు పేజీలు అక్షరం అక్షరం చేత్తో ఎత్తి రాసుకున్నాను. తప్పు స్పెల్లింగులు కూడా అలాగే రాసుకున్నాను. తర్వాత ఇంకో రిజిస్టర్లో వెతకాలంటే అవే అక్కరకొస్తాయి. మూడోరోజు ఆ పేజీల సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాను. భూములకు శిస్తు కట్టి రాసిన సెటిల్మెంట్ రిజిస్టర్లు కూడా చూడాలి. కరువు తర్వాత ఆ మాన్యం ఎవరి చేతికి పోయిందో, చెరువు ఎవరు చూసుకున్నారో వాటిల్లో తెలుస్తుందని ఆశ. పెద్దాయనకి దండం పెడితే, "చిత్తూరోళ్ళు చాలామంది ఇదే పొరపాటు పడతారు" అని నవ్వారు.

సెంట్రల్‌లో రైలు కోసం కూర్చుని మేనత్తకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి, చివర్న ఆ పేరు చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"ఇంకోసారి చదువమ్మా" అంది.

రాసుకున్న కాగితం తీసి, గడి గడి చదివి వినిపించాను. మైనరు కొడుకు, చెరువు, మరమ్మతు, అంతా.

"వయసెంతని రాశారూ?"

"నలభై అత్తా."

"చిన్నదే" అంది మేనత్త. ఆమెకి ఇప్పుడు డెబ్భై ఆరు. "పాపం, ఆ చెరువుకి నీళ్ళొస్తున్నాయా ఇప్పుడు?"

కాట్పాడిలో దిగాక ఇంటికి వెళ్ళకుండా గుడియాత్తం బస్సు కోసం అడిగాను.