ముచ్చిక కుళ్ళు: గది కాదు, తోట చూడండి

పాకాల వైపు మామిడి తోటల్లో ప్రతి వేసవిలోనూ ఒక మాట వింటాను. "కాయ బాగానే దిగింది, మాగబెట్టిన చోట చెడింది." ఈ మాటను నేను ఒప్పుకోను. పండుపై తేలే నల్లమచ్చలు చాలావరకు ఆ గదిలో పుట్టినవి కావు. పూత, పిందె దశలోనే వాన చినుకులతో చిందిన శిలీంధ్ర బీజాలు తొక్కలోకి చొరబడి పొంచి ఉంటాయి. పచ్చికాయ తొక్కలో వాటిని అణచిపెట్టే రెసార్సినాల్ పదార్థాలు ఉంటాయి. కాయ మాగేకొద్దీ అవి తగ్గుతాయి, మచ్చతెగులు పైకి లేస్తుంది. అందుకే చెట్టు మీద అద్దంలా మెరిసిన బేనీషా (బంగినపల్లి) కాయ కూడా పసుపు తిరిగాక మచ్చలు పడుతుంది.

మచ్చతెగులు ఒక ఎత్తు, ముచ్చిక కుళ్ళు మరో ఎత్తు. ఇది తొడిమ దగ్గర గోధుమరంగులో మొదలై చూస్తుండగానే కాయంతా పాకుతుంది. కాడ పీకేసిన కాయకు ఇది ఎక్కువ.

"కాడ ఉంచితే పక్క కాయకు గుచ్చుకోదా అమ్మా?" అని మా మేస్త్రీ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. "పొడుగు కాడతోనే కోయించండి మామా, నీడలోకి తెచ్చాక సెంటీమీటరు ఉంచి కత్తిరిద్దాం" అన్నాను. ఆ తర్వాత ముచ్చిక కిందికి ఉండేలా బోర్లిస్తే సొన కాయ మీద పడకుండా కారిపోతుంది. సొన పడి కమిలిన చోటు తెగులుకు తెరిచిన తలుపే.

ఇక వేడినీళ్లు. మా పండ్లు తిరుపతిలో తెలిసిన ఇళ్లకు వెళ్తాయి, పిల్లలు తింటారు. కోసిన కాయకు మందు పట్టించడం నాకు ఇష్టం లేదు. 52 డిగ్రీల నీళ్లలో 5 నిమిషాలు ముంచితే తొక్క కింద దాగిన మచ్చతెగులు చాలావరకు చస్తుంది. చేయి పెట్టి చూసే అంచనా ఇక్కడ పనికిరాదు, థర్మామీటరు ఉండాలి. చల్లటి కాయలు పడగానే నీటి వేడి దిగిపోతుంది. కలుపుతూ, మంట సరిచేస్తూ ఉండాలి. వేడి మితిమీరితే తొక్క కమిలిపోతుంది. తీసిన కాయలను చల్లార్చి, తడి పూర్తిగా ఆరాకే క్రేట్లలో సర్దాలి. అయితే తొడిమ లోపల కూర్చున్న కుళ్ళుకు ఈ స్నానం ఒక్కటే చాలదు. దానికి కోత దగ్గరి జాగ్రత్తే దిక్కు.

పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టి కాపాడదామని చూడకండి. 12, 13 డిగ్రీల కంటే చలి పెరిగితే కాయ సరిగా మాగదు, పైగా కుళ్ళుకు సులువుగా లొంగిపోతుంది. కార్బైడ్ జోలికి అసలే వెళ్లకండి, అది నిషేధం.

కోత ముగియగానే మా తోటలో ఎండుపుల్లలు కత్తిరించి, రాలిన కాయలతో సహా బయటికి తీయిస్తాను. వచ్చే పూతకు బీజాలు చిమ్మేది ఆ పుల్లల నుంచే. చాలామంది కాయ డబ్బు చేతికి రాగానే తోట వైపు చూడరు. దయచేసి ఆ ఒక్క పని వాయిదా వేయకండి.