కాలవగట్టు మీద రెండు మొరాయించే మోకాళ్ళు

కోనసీమ అంతా చదునే అని ఎవరైనా అన్నారంటే వాళ్ళకి మోకాలి నొప్పి లేదని అర్థం. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కొండన్నది లేదు, నిజమే. కానీ గట్టు మీంచి టీకొట్టుకి దిగాలి, రేవులోకి దిగాలి, వంతెన ఎక్కి దిగాలి. ఎక్కడం ఎలాగో అయిపోతుంది, దిగేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. మామూలుగా నడిస్తే మోకాలి మీద ఒంటి బరువుకి రెండు రెట్ల పైన పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. సైకిల్ తొక్కేటప్పుడు అందులో సగం కూడా ఉండదు. తిరుమల మెట్లు, శ్రీశైలం అడవి దారి అంటూ తిరిగిన దాన్ని, ఎడమ మోకాల్లో ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగాక సైకిల్ కొనుక్కున్నది ఈ లెక్క చూసుకునే.

తోడొచ్చినవాడు మా తమ్ముడు. డెన్వర్‌లో ఉంటాడు, సంక్రాంతికి వచ్చాడు. వాడిది కుడి మోకాలు. మంచు మీద స్కీయింగ్‌లో పడి మోకాల్లోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగి, ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇక బుద్ధిగా ఇంట్లో కూర్చుంటాడని అమ్మ అనుకుంది. వాడు స్కీలు అమ్మేసి స్నోబోర్డు కొన్నాడు.

జగ్గన్నతోటలో ప్రభల తీర్థం అయిపోయి రోడ్లు కాస్త ఖాళీ అయ్యేదాకా ఆగి బయల్దేరాం. అంతర్వేది దాకా వెళ్ళి, మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పంటెక్కి నరసాపురం చేరి, రైల్లో వెనక్కి రావాలని ప్లాను. తెల్లారేసరికి బ్యారేజీ మీద ఉన్నాం. కాటన్ దొర ఇక్కడ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక చేరితే మధ్య డెల్టా కాలవ మొదలు. దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పుల రోజులు కాబట్టి కాలవ నిండుగా ఉంది. ఎండాకాలం కాలవలు కట్టేశాక ఈ దారిన వస్తే సగం అందం ఉండదు.

గట్టు మీద బళ్ళు తక్కువ. పక్కపక్కనే తొక్కుతూ వాణ్ణి అడిగాను, మోకాలు పాడైనవాడికి స్నోబోర్డెందుకురా అని.

"స్కీలంటే రెండు కాళ్ళకీ రెండు పలకలక్కా. పడ్డప్పుడు ఒకటి అటు, ఒకటి ఇటు పోతుంది. బూటు గట్టిగా ఉంటుంది, చీలమండ కదలదు. పలకేమో పొడుగు. ఇక మెలి తిరిగేది మోకాలే. పడగానే బూటు ఊడొచ్చే ఏర్పాటుంటుంది గానీ, మెల్లగా మెలి తిరుగుతూ పడ్డప్పుడు ఒక్కోసారి అది ఊడదు. నాకు అయింది అదే. బోర్డుకైతే రెండు పాదాలూ ఒకే పలకకి బిగించి ఉంటాయి. చెరో దారీ పట్టవు."

"అయితే మోకాలికి సుఖమే."

"మోకాలికి సుఖమే. మణికట్టుకి కాదు. నేర్చుకునేటప్పుడు పడటమే పని. ముందుకి పడితే చేతులు ఆనిస్తాం, వెనక్కి పడితే కూర్చునే చోటు వాచిపోతుంది. బోర్డు మీద విరిగేవి ఎక్కువగా మణికట్లే. పెద్ద పెద్ద జంపులు చేస్తే మోకాలూ పోతుంది, అవి నేను చెయ్యను."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. కొండపైకి తీగకి వేలాడే కుర్చీల లిఫ్టులో వెళ్ళేటప్పుడు వెనక కాలు విప్పేసుకుంటారు, ముందు కాలు మాత్రం బోర్డుకే ఉంటుంది. అంటే దారంతా ఆ బోర్డు ఒక్క కాలికే వేలాడుతుంది. లిఫ్టు దిగాక ఆ కాలు బోర్డు మీదుంచి, రెండో కాలితో నేలని తన్నుకుంటూ కదలాలి. ముందు కాలి మోకాలు మెలి తిరిగేది అప్పుడే. వాడి పాడైన కాలు కుడిది. ఎడమ కాలు ముందు పెట్టడం వాడికి మొదట్నుంచీ అలవాటే కాబట్టి బతికిపోయాడు.

నాకూ అలాంటి తిప్పలే ఉంది. సైకిల్ ఆపితే రోడ్డు ఎడమ అంచున కాలు ఆనించడం అందరికీ అలవాటు. నాకు పనికిరానిది ఆ ఎడమ కాలే. కుడివైపు ఒరిగి, రోడ్డు మీదికి కాలు దించాలి. ఆ క్షణంలోనే ఏ కొబ్బరికాయల లారీయో వెనక నుంచి హారన్ కొడుతుంది. ఎక్కే వాహనం మార్చినంత మాత్రాన బరువెక్కడికీ పోదు. మోకాలు వదిలేసినది నా అరచేతుల మీదా, సీటు మీదా పడుతోంది. అయినా ఈ బేరం నాకు ఇష్టమే. అరచేతులు మర్నాటికి బాగుపడతాయి.

ఆత్రేయపురంలో పూతరేకులకి ఆగాం. రోడ్డు మీది కొట్ల కంటే, రేకులు తీసే ఇంటి అరుగు మీద కూర్చోవడం నాకిష్టం. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. కింద కొబ్బరాకు మంట. ఒకావిడ పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, దాని రెండు కొసలూ పట్టుకుని, కుండ మీద ఒక్కసారి పరిచి లాగేసింది. గుడ్డ ఇటు వచ్చేలోపే రేకు అంచులు లేచాయి. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచింది. ఇదంతా చిన్న పీట మీద, మోకాళ్ళు మడుచుకుని. నొప్పులుండవా అని అడిగితే నా మోకాలికి కట్టుకున్న పట్టీ వైపు చూసి నవ్వింది. "ఉండవేటండీ! కూచున్నంతసేపూ బానే ఉంటాదండి. లేత్తానికే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి, ఆయ్." ఆవిడకి మార్చుకోవడానికి ఇంకో బండి లేదు.

ఆ రోజు శనివారం కాదు కాబట్టి వాడపల్లి వెంకన్న గుడికి పోయే కార్ల బారు లేదు. లొల్ల లాకుల దగ్గర కాలవ చీలే చోట కాసేపు నిలబడి, రావులపాలెం చేరాం. అరటి గెలల లారీల మధ్య నుంచి బయటపడటం తప్ప అక్కడ మాకు పనేం లేదనుకున్నాను. కానీ తమ్ముడు మోకాలి ముందు భాగం నొక్కుకుంటున్నాడు. రాజమండ్రిలో మా మరిది దగ్గర తెచ్చిన సైకిల్ అది, సీటు బాగా కిందికుంది. సైకిల్ షాపులో ఎత్తమంటే ఆ పెద్దాయన ఒప్పుకోడు.

"కాళ్ళు నేలకానద్దా బాబూ? పడిపోతారండి."

నేలకి రెండు కాళ్ళూ ఆనేంత కింద సీటుంటే, పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు అతిగా ముడుచుకుని చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెట్టి కింది దాకా తిప్పితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగి ఉంటుంది. తమ్ముడు మడమ పెట్టి చూపించాడు. పెద్దాయన పానాతో బోల్టు వదులు చేసి, రాడ్ కొంచెం లాగి, మళ్ళీ చూడమన్నాడు. ఇంకా లాగాడు. "ఇక లాగితే రాడ్డూడి చేతికొత్తాది" అని బిగించేశాడు. డబ్బులు తీసుకోలేదు. కొత్తపేట దాటేసరికి వాడి నొప్పి తగ్గింది.

గన్నవరంలో గోదావరి పాయ వైనతేయ మీద కాలవ నదిని దాటుతుంది. కింద నది, పైన కాలవ. 1850ల్లో 49 కమానులతో కట్టిన అక్విడెక్టు రాజోలు వైపు లంకలకి నీళ్ళిచ్చింది. ఇప్పుడు పక్కనే ఉన్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాళ్ళకి వేళకాని వేళలో కూడా అన్నం పెట్టిన తల్లి ఊరు ఇక్కడే, లంకల గన్నవరం. పేరు పెట్టడంలో ప్రభుత్వాలు ఎప్పుడో గానీ ఇంత సరిగ్గా ఆలోచించవు.

అక్విడెక్టు దాటాక ఎదురుగాలి మొదలైంది. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి లోపలికి తోసుకొస్తుంది. పల్లమన్నదే లేదు కాబట్టి తొక్కడం ఆపి హాయిగా జారే ఛాన్సూ లేదు. ఇలాంటప్పుడు పంతానికి పోయి బరువు గేరులో తొక్కితే రాత్రికి మోకాలు వాస్తుంది. గేరు తగ్గించి, కాళ్ళు తేలిగ్గా గబగబా తిప్పుతూ, కొబ్బరి బొండాల బండి కనిపించిన చోటల్లా ఆగుతూ రాజోలు చేరాం. లాడ్జిలో మా ఇద్దరి మొదటి ప్రశ్నా ఒకటే, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా అని. రిసెప్షన్ కుర్రాడు ఏసీ గురించి చెప్పబోతూ ఆగిపోయాడు.

మర్నాడు గాలి లేవకముందే మలికిపురం మీదుగా అంతర్వేది. నరసింహస్వామి దర్శనం త్వరగానే అయింది. ఇంకో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా ఇసుకలో నడవాలి. సైకిళ్ళు అక్కడ పనికిరావు. మెత్తటి ఇసుకలో అడుగు పడ్డ చోట నిలవదు, ప్రతి అడుగుకీ మోకాలు పక్కకి పోతుంది. కొంత దూరం వెళ్ళి చాలనుకున్నాం. దూరంగా లైట్‌హౌస్ చూసి తమ్ముడు ఎక్కుదామా అన్నాడు.

"ఎక్కుదాం. దిగేదెవరు?"

సఖినేటిపల్లి రేవులో పంటు రెడీగా ఉంది. రేవు వాలులో సైకిల్ బ్రేకు పట్టుకుని దిగడం ఈ ప్రయాణం మొత్తానికీ నాకు కష్టమైన భాగం. అడ్డంగా, పక్క అడుగులేస్తూ దిగాను. మోటార్‌సైకిళ్ళు, కోళ్ళ బుట్టలు, ఒక ఆటో, మేము. పంటు కదిలాక తమ్ముడు మొదలుపెట్టాడు. మార్చిలో డెన్వర్ రా అక్కా, బోర్డు నేర్పిస్తా అని.

"నా పాడైన కాలు ఎడమది. అది వెనక ఉండాలి కదా? అంటే కుడి కాలు ముందు."

"అవును. కానీ అది నువ్వనుకుంటే కాదు, నీ ఒంటికి అలవాటుండాలి. చూద్దాం ఉండు" అని, నేను నది వైపు చూస్తుంటే వెనక నుంచి నడుం మీద ఒక్క తోపు తోశాడు. తూలి ఒకడుగు వేశాను. ఎవరైనా తోసినప్పుడు ముందు పడే కాలేదో చూసి బోర్డు మీద ఏ కాలు ముందుండాలో తేలుస్తారట.

పంటు మీద టికెట్లు కోస్తున్నాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏటండీ బాబూ, అమ్మగార్ని గోదాట్లోకి తోసేత్తన్నారు!"

"ఏ కాలు పడిందండీ ముందు? మీరు చూశారా?" అనడిగాడు మా తమ్ముడు.

"కుడికాలండి," అన్నాడాయన, ఇంకా నా చెయ్యి వదలకుండా.