వలయం మూసుకున్న చోట డీసీ కరెంటు

ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారుకు 2003లో వచ్చిన ±500 కిలోవోల్టుల డీసీ లైనులో ఎంత కరెంటు పోవాలో నిర్ణయించడానికి రెండు చివరల ఉండే, ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే కన్వర్టర్లు చాలు. వాటి వోల్టేజీల తేడాను లైను నిరోధంతో భాగిస్తే ఎంత వస్తుందో అంతే కరెంటు ప్రవహిస్తుంది. మన గాజువాక బ్యాక్-టు-బ్యాక్ కేంద్రంలోనైతే రెండు కన్వర్టర్లూ ఒకే చోట ఉంటాయి, మధ్యలో లైనే లేదు. లైన్లు వలయంగా కలిసినప్పుడే అసలు చిక్కు.

చైనాలో 2020లో మొదలైన జాంగ్‌బెయ్ గ్రిడ్‌లో జాంగ్‌బెయ్, కాంగ్‌బావో, ఫెంగ్‌నింగ్, బీజింగ్ కేంద్రాలను ±500 కిలోవోల్టుల నాలుగు లైన్లు వలయంగా కలుపుతాయి. ఒక కేంద్రం వోల్టేజీని నిలబెడితే తక్కిన మూడూ తమ పవరును తామే నిర్ణయించుకోగలవు. లైన్లు మూడే అయితే దేనిలో ఎంతో అంతటితో తేలిపోయేది. నాలుగో లైనుతో వలయం మూసుకున్నాక బీజింగుకు రెండు దారులు ఏర్పడతాయి, వాటి మధ్య పంపకం నిరోధాల చేతిలోకి పోతుంది. ఏసీలో రియాక్టెన్సునో (మారే కరెంటుకు మాత్రమే ఎదురయ్యే అడ్డు) ఫేజు కోణాన్నో (రెండు చివరల వోల్టేజీ తరంగాల మధ్య తేడా) మార్చి దారి మళ్లించవచ్చు కానీ, నిలకడగా పారే డీసీలో ఆ వెసులుబాటు లేదు. అందువల్ల ఒక లైను పరిమితికి చేరినా పక్కది సగం ఖాళీగా ఉండవచ్చు.

బరువెక్కిన లైనులో నిరోధకం చేర్చడం సులువే గానీ, అది పవరును వేడిగా తగలేయడమే. దానికన్నా లైనుకు వరుసలో చిన్న వోల్టేజీని చేర్చే పరికరాన్ని, అంటే కరెంటు నియంత్రికను, పెట్టడం మేలు. వలయం మొత్తం నిరోధం 10 ఓములనుకుంటే, 2 కిలోవోల్టులు చేర్చితే చాలు, 200 ఆంపియర్లు ఒక దారి నుంచి మరో దారికి మళ్లుతాయి. లైనులో 2,000 ఆంపియర్లు పోతున్నా ఆ పరికరం మోసేది 4 మెగావాట్లే, అదే లైను ఒక్కో పోల్‌లో (ప్లస్ వైపు గానీ మైనస్ వైపు గానీ) 1,000 మెగావాట్లు మోస్తుండగా! ఆ 4 మెగావాట్లను బయటి నుంచి తేవాలంటే 500 కిలోవోల్టులను తట్టుకునే ఇన్సులేషన్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఖర్చంతా అక్కడే. ఒకే కేంద్రానికి వచ్చే రెండు లైన్ల మధ్య కెపాసిటరును పెట్టి, ఒకదాని నుంచి తీసుకున్న పవరును రెండోదానికే ఇచ్చే అమరికతో ఆ ట్రాన్స్‌ఫార్మర్ అవసరం తప్పుతుంది. నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది ఇదే.

అయితే లైనులో షార్ట్ సర్క్యూట్ జరిగితే కరెంటు కొన్ని మిల్లీసెకన్లలోనే ఎగబాకుతుంది, 2 కిలోవోల్టుల కోసం చేసిన నియంత్రికలోని స్విచ్‌లు ఆ దెబ్బకు ఆగవు గనుక కరెంటును పక్కదారి పట్టించి వాటిని వెంటనే బైపాస్ చేయాలి. జాంగ్‌బెయ్‌లో ప్రతి లైను రెండు చివరలా, రెండు పోల్‌లకూ కలిపి షార్ట్ సర్క్యూట్ కరెంటును తెంచే 16 డీసీ బ్రేకర్లు ఎలాగూ ఉన్నాయి. కొత్తగా కట్టబోయే గ్రిడ్‌లలో కరెంటు నియంత్రికను విడిగా నిలబెట్టకుండా బ్రేకరులోనే ఇమిడ్చితే, ఇన్సులేషన్ ఖర్చుతో పాటు బైపాస్ బాధ్యత కూడా ఒకే పరికరం మీద పడుతుంది.